కుమారీ ఘర్: కాఠ్మాండూలో సజీవ దేవత నివసించే ఇటుక ఇల్లు

నేపాల్ రాజధాని కాఠ్మాండూ పాతబస్తీలో, హనుమాన్ ఢోకా రాజప్రాసాదానికి చేరువగా, బసంత్‌పూర్ చౌక్ అంచున ఎర్ర ఇటుకతో కట్టిన మూడంతస్తుల ఇల్లు ఒకటి ఉంది. వాకిట్లో మెట్లకు రెండు వైపులా తెల్లరంగు పూసిన రాతి సింహాలు కాపు కూర్చుని ఉంటాయి. నల్లబడిన కొయ్య కిటికీల మధ్య, పై అంతస్తులో, బంగారు పూత మెరిసే కిటికీ ఒకటి కనిపిస్తుంది. స్థానికులు ఈ ఇంటిని కుమారీ ఘర్ అనీ, కుమారీ బహా అనీ, కుమారీ బహాల్ అనీ పిలుస్తారు. హిందువులూ బౌద్ధులూ కూడా తలేజు భవాని అంశగా కొలిచే బాలిక, అంటే 'కుమారి', బాల్యమంతా గడిపే నివాసం ఇదే.

కాఠ్మాండూ లోయను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తించిన ఏడు ప్రాంగణాల్లో హనుమాన్ ఢోకా చౌక్ ఒకటి. ఆ చౌక్‌లోని కట్టడాల్లో చాలావరకు గుడులు, లేదా ఇప్పుడు మ్యూజియాలుగా మారిన రాచభవనాలు. కుమారీ ఘర్ మాత్రం నేటికీ ఇల్లే. ఇక్కడ పొద్దున పొయ్యి వెలుగుతుంది, పిల్ల చదువుకుంటుంది, సంరక్షక కుటుంబం కాపురం ఉంటుంది. ఆ కారణంగా ఈ ఇంటి చరిత్రను చెప్పాలంటే గోడల గురించి ఎంత చెప్పాలో, లోపల ఉండే మనిషి గురించీ అంతే చెప్పవలసి వస్తుంది.

కష్టకాలంలో కట్టిన ఇల్లు

ఈ ఇంటిని 1757లో జయప్రకాశ్ మల్ల కట్టించాడు. కాఠ్మాండూను ఏలిన మల్ల వంశపు రాజుల్లో ఆయనే ఆఖరివాడు. తెలుగు పాఠకులకు 1757 అనగానే బొబ్బిలి యుద్ధం, భారతీయులందరికీ ప్లాసీ గుర్తుకు వస్తాయి. నేపాల్ చరిత్రలోనూ అది మామూలు సంవత్సరం కాదు. పడమటి కొండల నుంచి గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా సేనలు లోయలోకి దిగడానికి ప్రయత్నించి, కీర్తిపూర్ దగ్గర ఓడిపోయాయి. గోర్ఖా సేనాధిపతి కాలూ పాండే ఆ పోరులోనే మరణించాడు. గెలిచిన పక్షాన జయప్రకాశ్ సైన్యమూ ఉంది. అయితే ఆ గెలుపు నిలిచేది కాదని ఆయనకు తెలియకపోలేదు. అప్పటికే ఆయన దర్బారు కుట్రల వల్ల కొంతకాలం గద్దె పోగొట్టుకుని, మళ్ళీ సాధించుకున్న రాజు. టిబెట్‌తో వాణిజ్య మార్గాలపై గోర్ఖాల పట్టు బిగుస్తోంది. ఇరుగుపొరుగున ఉన్న పాటన్, భక్తపూర్ రాజ్యాలతో పొత్తు ఏనాడూ నిలకడగా లేదు.

అటువంటి సమయంలో ఒక చిన్నపిల్ల కోసం రాజప్రాసాదం ఎదుటే ఇంత శ్రద్ధగా ఇల్లు ఎందుకు కట్టించాడన్న ప్రశ్నకు జనశ్రుతి ఒక కథ చెబుతుంది. కులదేవత తలేజు రాత్రివేళ స్త్రీ రూపంలో వచ్చి రాజుతో పాచికలాడేదట. ఒకనాడు రాజు మనసులో కామభావం కలిగింది. దేవి అది గ్రహించి ఆగ్రహించి, ఇకమీదట తనను చూడాలంటే శాక్య కులపు బాలికలో చూడవలసిందేనని చెప్పి అంతర్ధానమైందట. మరో కథలో, దేవి ఆవహించిందని చెప్పిన ఒక పిల్లను రాజు నగరం నుంచి వెళ్ళగొట్టగా, అదే ఆవేశం రాణికి వచ్చింది. రాజు పశ్చాత్తాపపడి ఆ పిల్లను తిరిగి రప్పించి, ఇల్లు కట్టించి పూజించాడు.

కథలెన్ని ఉన్నా, కన్యాపూజ నేపాల్ లోయలో జయప్రకాశ్ కంటే ఎంతో ముందు నుంచీ ఉంది. ఆయన చేసిన కొత్త పని, ఆ ఆచారానికి రాజప్రాసాదం ఎదుట ఒక చిరునామా ఇవ్వడం, ఏటా ఇంద్రజాత్రలో కుమారిని రథమెక్కించి నగరమంతా ఊరేగించే ఏర్పాటు చేయడం. సింహాసనం ఊగిపోతున్న రాజుకు దేవత అనుగ్రహం జనం కళ్ళెదుట కనిపించవలసిన అవసరం ఉందని అనుకుంటే ఆ నిర్ణయం అర్థమవుతుంది.

ఆ అనుగ్రహం ఆయనకు దక్కలేదు. 1767లో ఆయన కోరికపై ఈస్టిండియా కంపెనీ పంపిన కెప్టెన్ కిన్లాక్ దండు తరాయి అడవులు దాటి లోయకు చేరలేకపోయింది. మరుసటి ఏడు, సరిగ్గా ఇంద్రజాత్ర నాడే, నగరం ఉత్సవంలో మునిగి ఉండగా పృథ్వీనారాయణ్ షా కాఠ్మాండూలో ప్రవేశించాడు. జయప్రకాశ్ పాటన్‌కూ, అక్కడి నుంచి భక్తపూర్‌కూ పారిపోయి, అక్కడే గాయపడి కన్నుమూశాడు. గెలిచిన రాజు జాత్రను ఆపలేదు. పాత రాజు కోసం సిద్ధం చేసిన ఆసనంపై తానే కూర్చుని కుమారి చేతి తిలకం అందుకున్నాడని చెబుతారు. రాజవంశం మారింది, ఇంటికీ ఆచారానికీ ఏమీ కాలేదు. 2008లో రాచరికమే రద్దయిన తర్వాత ఆ తిలకం రాష్ట్రపతి నుదుటికి చేరింది.

విహారం నమూనాలో నివాసం

కుమారి హిందూ దేవత తలేజుకు ప్రతిరూపం. కానీ ఆమె పుట్టేది బౌద్ధ కుటుంబంలో. కాఠ్మాండూ రాచకుమారిని శాక్య కులం నుంచే ఎంపిక చేస్తారు. బుద్ధుని వంశీకులమని చెప్పుకునే శాక్యులు సంప్రదాయంగా స్వర్ణకారులు. వారి కాపురాలు 'బహా' అనే విహారాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఒకనాడు భిక్షువులు ఉన్న ఈ బహాలలో కాలక్రమాన గృహస్థులు స్థిరపడ్డారు. జయప్రకాశ్ మేస్త్రీలు దేవత ఇంటికి రాజభవనం నమూనాను కాకుండా ఈ బహా నమూనాను తీసుకున్నారు. హిందూ రాజు కట్టించిన దేవీ నివాసం బౌద్ధ విహారం రూపంలో ఉండటం బయటివారికి వింతగా తోచవచ్చు. నేవార్ సమాజంలో ఆ రెండు మతాల మధ్య గోడ ఏనాడూ అంత మందంగా లేదు.

నమూనా సరళమైనది. మధ్యలో చతురస్రాకారపు ప్రాంగణం, నాలుగు వైపులా దాన్ని చుట్టుకున్న మూడంతస్తుల ఇల్లు, లోనికి రావడానికి ఒక తక్కువ ఎత్తు ద్వారం. మన మండువా లోగిలి చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే మండువాలో పైకప్పు లోపలికి వాలి వాననీటిని నడుమకు దించుతుంది, ఇంటివాళ్ళ రోజువారీ బతుకు అక్కడే సాగుతుంది. ఇక్కడి ప్రాంగణం పూజకూ దర్శనానికీ ఉద్దేశించినది. మధ్యలో ఒక చిన్న స్తూపం ఉంటుంది, దానిపై సరస్వతీ చిహ్నాలు ఉంటాయి. ప్రాంగణం వరకు ఎవరైనా రావచ్చు. ఇంటి లోపలికి మాత్రం హిందూ, బౌద్ధేతరులకు ప్రవేశం లేదు.

ప్రాంగణంలో నిలబడి తలెత్తితే నాలుగు వైపులా కొయ్య చెక్కడమే. ద్వారబంధాలపై, కిటికీ చట్రాలపై, చూరును మోసే ఊతకొయ్యలపై దేవతలు, నెమళ్ళు, లతలు, మకరాలు. కిటికీని నేవారీలో 'ఝ్యా' అంటారు. సన్నటి కొయ్య పట్టీలను మేకు అవసరం లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన జాలీ కిటికీ 'టికిఝ్యా'. లోపలివారికి వీధి కనిపిస్తుంది, వీధిలోవారికి లోపలివారు కనిపించరు. పై అంతస్తులో ముందుకు వాలి, మూడు భాగాలుగా తెరుచుకునే పెద్ద కిటికీ 'సంఝ్యా'. ప్రాంగణం వైపున్న పై కిటికీలోనే కుమారి అప్పుడప్పుడు కొన్ని క్షణాలు కనిపిస్తుంది. కళ్ళ నిండా కాటుక, ఎర్రటి దుస్తులు, ముఖంలో నవ్వు ఉండదు. ఆ క్షణంలో కెమెరా పైకెత్తడం నిషిద్ధం. ఆమె లేని వేళ కిటికీని మాత్రం ఎంతసేపైనా ఫొటో తీసుకోవచ్చు.

వీధివైపున్న బంగారు పూత కిటికీ వేరు. నేవార్ నిర్మాణ సంప్రదాయంలో బంగారు కిటికీ దేవతలకూ రాజులకూ దక్కిన గౌరవం. మామూలు ఇంటివారు ఎంత ధనవంతులైనా కొయ్య చెక్కడంతోనే సరిపెట్టుకున్నారు.

ఇటుక, మట్టి, కొయ్య

కాఠ్మాండూ లోయ పూర్వం ఒక సరస్సు. మంజుశ్రీ ఖడ్గంతో కొండను చీల్చి నీటిని వదిలాడని పురాణం చెబుతుంది. సరస్సు ఉండేదన్న మాటను భూవిజ్ఞానమూ ఒప్పుకుంటుంది. అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టే ఈ లోయలో ఇటుకకు పుట్టిల్లు. రాయి కోసం కొండలెక్కాలి, మట్టి కాళ్ళ కిందే ఉంది. అందుకే మూడు రాజ్యాల రాజధానులూ ఎర్రగా, ఇటుక రంగులో పెరిగాయి.

తెలుగు 'ఇటుక' సంస్కృత 'ఇష్టక' నుంచి వచ్చింది. హిందీ, నేపాలీ భాషల మాటలకూ అదే మూలం. టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందిన నేవారీకి మాత్రం 'అప్పా' అనే సొంత మాట ఉంది, దానికి ముందు చేరే విశేషణాలూ ఉన్నాయి. ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుక 'కచి అప్పా', బట్టీలో కాల్చిన మామూలు ఇటుక 'మా అప్పా', కట్టడపు ముఖానికి వాడే నునుపైన ఇటుక 'దాచి అప్పా'.

దాచి అప్పా దగ్గర కొంచెం ఆగాలి. దాని ముఖం వెడల్పు, వెనుక భాగం సన్నం. వరుసగా పేర్చినప్పుడు ముఖాలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. వెనుక మిగిలిన చీలికలో మట్టి అడుసు దాక్కుంటుంది. బయట నుంచి చూసేవారికి ఇటుకల మధ్య సందే కనిపించదు, గోడంతా ఒకే ఎర్రటి పలకలా ఉంటుంది. ఇది అందం కోసం మాత్రమే చేసినది కాదు. కాఠ్మాండూలో వర్షాకాలం గట్టిది. మట్టి అడుసు నానితే గోడ బలం పోతుంది. ముఖాలు బిగుతుగా కలిసిన గోడ మీద నీరు జారిపోతుంది తప్ప లోపలికి దిగదు. కాల్చడానికి ముందు మేలురకం ఎర్రమట్టి పూత పూయడం వల్ల ముఖానికి నిగారింపు వస్తుంది. కాంక్రీటు యుగంలో దాదాపు కనుమరుగైన ఈ ఇటుక, 1970ల నుంచి లోయలో సాగిన పరిరక్షణ పనుల వల్ల మళ్ళీ తయారవుతోంది.

గోడ లోపలి సంగతి వేరు. సంప్రదాయ నేవార్ గోడ మూడు పొరలుగా ఉంటుంది. బయట కాల్చిన ఇటుక, లోపలి ముఖానికి తరచుగా పచ్చి ఇటుక, నడుమ ఇటుక ముక్కలూ మట్టీ. రెండడుగులకు తగ్గని ఈ మందం చలికాలంలో వెచ్చదనాన్ని, వేసవిలో చల్లదనాన్ని ఇస్తుంది. దాని బలహీనతా అక్కడే ఉంది. పొరలు ఒకదానికొకటి సరిగా ముడిపడకపోతే భూమి కదిలినప్పుడు బయటి ముఖం ఉబ్బి విడిపోతుంది.

ఆ ముడి వేసే పని కొయ్యది. తరాయి నుంచి తెచ్చిన సాల వృక్షపు దుంగలను గోడల్లో అడ్డంగా పట్టీలుగా పరుస్తారు. కిటికీలకు లోపలా బయటా రెండు చట్రాలు ఉండి, గోడ మందాన్ని అటూ ఇటూ పట్టి ఉంచుతాయి. దూలాలు గోడను దాటి బయటికి వచ్చిన చోట 'చుకుల్' అనే కొయ్య చీలలు దిగ్గొడతారు. దుంగల కొనలను చెక్కి ఒకదానిలో ఒకటి దూర్చడమే తప్ప ఇనుప మేకులు వాడరు. అదురు వచ్చినప్పుడు ఈ కీళ్ళు కొంత కదులుతాయి, కదిలి మళ్ళీ కుదురుకుంటాయి. పైకప్పుపై మందంగా మట్టి పరిచి, దాని మీద 'ఝింగటి' అనే చిన్న పెంకులు వేస్తారు. ఆ బరువు తక్కువేమీ కాదు. పెంకుల సందుల్లో గడ్డి మొలిస్తే వేళ్ళ వెంట నీరు దిగి దూలాలను కుళ్ళబెడుతుంది. నేవార్ ఇంటికి ఈ గడ్డి చేసే నష్టం తక్కువేమీ కాదు. ఏటేటా చూరెక్కి పీకే మనిషి లేని ఇల్లు కొన్ని దశాబ్దాల్లోనే కుంగిపోతుంది.

కుమారీ ఘర్‌కు ఆ మనిషి ఎన్నడూ కరవు కాలేదు. సంరక్షకులు తరతరాలుగా అదే ఇంట్లో ఉంటున్నారు. 1966లో ఇంటికి పెద్ద ఎత్తున మరమ్మతులు జరిగాయి.

2015 ఏప్రిల్ 25

ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండు కావడానికి కొద్ది నిమిషాల ముందు 7.8 తీవ్రతతో భూమి కంపించింది. నేపాల్‌లో దాదాపు 9,000 మంది మరణించారు. హనుమాన్ ఢోకా చౌక్‌లో 17వ శతాబ్దపు మాజు దేగ, త్రైలోక్యమోహన్ నారాయణ్ గుడులు మెట్ల అరుగులు మాత్రమే మిగిలేలా కూలిపోయాయి. నగరానికి పేరు పెట్టిన కాష్ఠమండపం, లోపల రక్తదాన శిబిరం నడుస్తుండగా నేలమట్టమైంది. 1908లో రాణాల కాలంలో పాశ్చాత్య ధోరణిలో కట్టిన తెల్లటి గద్దీ బైఠక్ దెబ్బతింది. పృథ్వీనారాయణ్ షా నాటి తొమ్మిదంతస్తుల బసంత్‌పూర్ బురుజు పై అంతస్తులు రాలిపోయాయి. వీటన్నిటి నడుమ కుమారీ ఘర్ కొన్ని పగుళ్ళతో నిలబడింది. బాలిక క్షేమంగా ఉంది.

దేవి తన ఇంటిని తాను కాపాడుకుందని భక్తులు అన్నారు. కట్టడాల దృష్టితో చూసినా కారణాలు కనిపిస్తాయి. ఇల్లు ఎత్తు తక్కువ. నాలుగు రెక్కలూ చతురస్రంగా మూసుకుని ఒకదానికొకటి ఊతమిస్తాయి. ఎత్తైన అరుగుపై ఒంటరిగా నిలిచిన గుడికి ఆ ఆసరా లేదు. పైగా మనుషులు ఉంటున్న ఇల్లు కనుక చిన్న లోపం చిన్నగా ఉన్నప్పుడే కంటబడుతుంది.

పోలికకు కాష్ఠమండపం మంచి ఉదాహరణ. అది కూలిన తర్వాత బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయ నిపుణులతో కలిసి పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో పునాదులు ఏడో శతాబ్దం నాటివనీ, ఇప్పటికీ చెక్కుచెదరలేదనీ తేలింది. కట్టడాన్ని మోసే నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకదాని కింద ఉండవలసిన పీఠశిల మాత్రం లేదు. 1960ల నాటి మరమ్మతుల్లో దానిపై నేల పరిచేసి, స్తంభాన్ని ఆధారం లేకుండా వదిలేశారు. పాత మేస్త్రీల పనిలో లోపం లేదు. బాగుచేయబోయినవారి పనిలోనే లోపం ఉంది.

భూకంపం తర్వాత పునర్నిర్మాణంలో ఇదే చర్చ రాజుకుంది. 17వ శతాబ్దపు రాణీ పోఖరీ కొలనులో కాంక్రీటు వాడకం మొదలుకాగానే నగరవాసులు వీధికెక్కారు. పని ఆగింది, చివరకు ఇటుకతోనూ, ఇటుక పొడి కలిపిన సున్నంతోనూ దాన్ని పూర్తిచేశారు. 'వజ్ర' అని పిలిచే ఆ సున్నపు మిశ్రమంలో మినుములూ బెల్లమూ కలిపే అలవాటు ఉంది. డంగు సున్నంతో కట్టిన పాత కట్టడాల ముచ్చట్లు విన్న తెలుగువారికి ఆ పాళ్ళు వింతగా అనిపించవు. అయితే సిమెంటుకు అలవాటైన కాంట్రాక్టర్లకు ఈ పని నెమ్మది, ఖరీదు. అతి తక్కువ ధర పాడినవారికే పని అప్పగించే టెండరు పద్ధతిలో దాచి అప్పా చేసే కుమ్మరికీ, ఊతకొయ్య చెక్కే శిల్పికీ చోటు దొరకడం కష్టం. కుమారీ ఘర్ పడిపోలేదు కనుక ఆ పరీక్షకు ఇంకా గురికాలేదు.

గడప దాటని బాల్యం

కుమారిగా రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లను ఎంపిక చేస్తారు. దేహంపై గాయం ఉండకూడదు, పళ్ళు ఊడి ఉండకూడదు, 32 లక్షణాలు సరిపోవాలి. రజస్వల కాబోయే ముందు పదవి ముగుస్తుంది. ఆ మధ్యకాలమంతా ఆమె తల్లిదండ్రుల ఇంట్లో కాక ఇక్కడే, సంరక్షకుల దగ్గర ఉంటుంది. పండుగలకు తప్ప బయటికి రాదు. వచ్చినా పాదం నేల మోపదు. ఎత్తుకుని గానీ, పల్లకీలో గానీ, రథంలో గానీ తీసుకెళతారు.

ఈ ఏర్పాటు బాలల హక్కులకు విరుద్ధమని 2005లో నేపాల్ సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2008లో వెలువడిన తీర్పు ఆచారాన్ని రద్దు చేయలేదు. అయితే చదువు, వైద్యం, స్వేచ్ఛగా తిరగడం వంటి హక్కులను కుమారి అన్న కారణంగా ఏ బాలికకూ నిరాకరించరాదని స్పష్టం చేసింది. ఇప్పుడు ఉపాధ్యాయులు ఇంటికే వచ్చి పాఠాలు చెబుతారు, పరీక్షలూ ఇక్కడే రాయిస్తారు. పదవి దిగినవారికి ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది. 1980లలో కుమారిగా ఉన్న రశ్మిలా శాక్య తర్వాతి కాలంలో తన అనుభవాలను 'ఫ్రమ్ గాడెస్ టు మోర్టల్' అనే పుస్తకంగా వెలువరించారు. చిన్ననాడే చదువు అందకపోవడం ఎంత ఇబ్బంది పెట్టిందో ఆమె దాచలేదు. ఆ ఇంట్లో పిల్లను హింసిస్తారన్న ప్రచారాన్నీ ఆమె ఒప్పుకోలేదు.

బయటినుంచి తీర్పు చెప్పేవారికి ఆ రెండు మాటలనూ ఒకేచోట నిలపడం కష్టమే. టికిఝ్యా వెనుక నుంచి వీధిని చూసే పిల్ల కళ్ళకు ఆ ఇల్లు కోటా, గూడా అన్నది ఒక్కొక్కరి జ్ఞాపకంలో ఒక్కోలా ఉంది.

2025 దసరా రోజుల్లో రెండేళ్ళ ఎనిమిది నెలల బాలిక ఒకరు కొత్త కుమారిగా ఎంపికయ్యారు. తండ్రి ఆమెను ఎత్తుకుని వీధుల వెంట నడిచి వచ్చి, సింహాల మధ్య నుంచి లోపలికి తీసుకెళ్ళాడు. జనం బారులు తీరి ఆ పాదాలకు మొక్కారు. 2017 నుంచి ఆ ఇంట్లో ఉన్న పదకొండేళ్ళ పాత కుమారి అదే రోజు పల్లకీలో, వెనుక ద్వారం గుండా, తన పుట్టింటికి వెళ్ళిపోయింది.